సరంగుగారి ఎర్రదీప నిర్వాపణము

జలమే రాజవీథిగా, డీజిలు పొగయే ధూపముగా, గట్టుమీది కాకులే వందిమాగధులుగా విలసిల్లు ఒకానొక రేవునందు, సూర్యభగవానుడు ఇంకను కన్నులు నులుముకొనుచుండగా, తొలిపడవ కదలవలసిన ఏడుగంటలకు అరగంట మాత్రమే మిగిలియుండగా, ద్వాదశవర్షానుభవశాలియు, స్పానరుధారియు, పరుల సలహాను పెడచెవిని పెట్టుటయందు అద్వితీయుడును నగు మోటారుపడవ సరంగు, ఇంజనుపెట్టె మూత తెరచి శత్రుశేషమును వెదకుచుండెను.

శత్రువెవ్వడనగా, చుక్కానిచెంత వెలుగు మిరియపుగింజంత ఎర్రదీపము. బ్యాటరీకి చార్జింగు ఎక్కుట లేదని చాటుటయే దాని వృత్తి. ఇంజను తిరిగినంతనే ఆరిపోవలసిన ఆ దుర్మార్గదీపము వారముదినములుగా ఆరక, రెప్పవేయక, సరంగు ముఖములోనికే చూచుచుండెను. తత్ప్రభావమున బ్యాటరీ నీరసించి పడవ రెండుమార్లు నడియేట నిలిచిపోగా, రెండుమార్లును వెనుకపడవ నడుపు బావమరిదియే తాడుకట్టి లాగుకొనివచ్చెను. ఒకే నెలలో మూడవమారు తాడు కట్టించుకొన్న పడవ తొలివంతు కోల్పోయి వరుస చివరకు పోవలెననుట ఆ రేవు కట్టుబాటు.

సరంగు చేయని యుద్ధము లేదు. బ్యాటరీ కొనలకు పట్టిన పచ్చబూజును వేడినీట కడిగెను. వైరు వైరును పీకి చూచెను. తెల్లవారినది మొదలు పరీక్షించి పరీక్షించి, బ్యాటరీలో ఒక్క స్టార్టుకు చాలినంత ప్రాణము మాత్రమే మిగిల్చెను.

బావమరిది తన పడవ అంచున ముఖము కడుగుకొనుచు పలకరించెను. "బావా, తాడు ఇప్పుడే కట్టేయనా? మళ్ళీ నడి ఏట్లో వెతుక్కోవడం ఎందుకు?"

అంతట సరంగు స్పానరు పైకెత్తి, మేఘగంభీరస్వరమున, "ఓరి శ్యాలకాధమా, వినుము. ఈ యేరు ఇంకిపోవుగాక, ఈ స్పానరు తుప్పుపట్టుగాక, నీ తాడు నా పడవముక్కును మూడవమారు స్పృశింపనేరదు" అని గర్జించెను.

"సర్లే బావా. ముందు ఆ స్పానరు దించు, నీళ్ళలో పడుతుంది."

ఆ సమయమున, మెడలో కొలతటేపు వ్రేలాడుచుండగా, దర్జీపనియందు దిట్టయగు సరంగు భార్య గట్టు దిగివచ్చెను.

"ఏమండీ, నా కుట్టుమిషను నూనె డబ్బా మీరుగానీ తెచ్చారా?"

"తెచ్చాను. ఇంజను బెల్టు కీచుకీచుమంటుంటే ఎక్కినవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు. రోజూ పొద్దున్నే రెండు చుక్కలు వేస్తున్నా. ఇప్పుడు చూడు, కిక్కురుమనట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఆదివారం."

"మరి ఈ దీపం ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

సరంగు వ్రేళ్లు లెక్కించెను. లెక్క ఆదివారమునొద్దకు వచ్చి ఆగెను.

"మిషనుకి నూనె వేస్తాను గానీ మిషను బెల్టుకి వేస్తానా? నూనె తాగిన బెల్టు జారదూ? చార్జింగు చక్రం తిరక్కపోతే మీ దీపం ఎందుకారుతుంది?"

"అది కాలితో తొక్కేది, ఇది ఇంజను" అని సరంగు గొణిగెనుగాని, చేతులు అప్పటికే బోల్టు వదులుచేయుచుండెను.

"అక్కా, నువ్వు ఎవరి వైపు?" అనెను బావమరిది.

"నోరుమూసుకుని ఆ సబ్బు ఇలా పడెయ్‌రా."

అంతట మహాసంగ్రామము ప్రవర్తిల్లెను. నూనెమదమున నిగనిగలాడు బెల్టు ఊడి, సబ్బునురుగున మునిగి, పొడిగుడ్డల మర్దనమున గర్వము విడిచెను. చక్రముల గాడులు తళతళలాడునట్లు తుడువబడెను. తిరిగి తొడిగిన బెల్టును కర్రముక్క సాయమున బిగలాగి, బోల్టు బిగించి, సరంగు బొటనవ్రేలితో నొక్కిచూడగా, అది అరంగుళము లొంగి, ఆపై లొంగనని మొండికేసెను.

"కడిగాం గదాని సంబరపడకండి. రేపే కొత్తది కొనుక్కురండి" అని భార్య చేతులు తుడుచుకొనెను.

ఏడుకు రెండు నిమిషములు. ఎక్కినవారు ఆర్గురు. సరంగు తాళము త్రిప్పెను. గుర్రు... గుర్రు... బ్యాటరీ తన కట్టకడపటి శ్వాసను వదలుచుండగా, ఇంజను గొంతు సవరించుకొని గర్జించెను. ఎర్రదీపము ఒక్కమారు తడబడి, ఆరిపోయెను. చార్జింగును కొలుచు మీటరుముల్లు పండ్రెండు వోల్టులు దాటి, పదునాలుగునొద్ద నిలిచెను.

పడవ ఏరు దాటెను. ఆవలిగట్టున ఇంజను ఆపవలసిన పనియే లేదు. అయినను సరంగు ఆపెను.

"మళ్ళీ చెడిందా ఏం?" అని ఎక్కినవారిలోని టీచరమ్మ అడిగెను.

"లేదమ్మా. ఒక్క నిమిషం ఆగి వినండి."

తాళము త్రిప్పెను. తొలి త్రిప్పుకే ఇంజను పలికెను. ఆర్గురును తమ సంచులు తీసికొని ఎవరి దారిన వారు పోయిరి. మానవసహాయమును, తాడును అపేక్షింపక ఒకే ఉదయమున ఒకే ఇంజనును రెండుమార్లు స్టార్టు చేసిన ఆ జగదేకవీరుడు, ఖాళీపడవలో నిటారుగా నిలుచుండి వెనుకకు మరలెను.