కవరు విప్పని ఏడు జతలు

పెరిగే పిల్లకు ఎన్ని జతల బట్టలు అవసరం అన్న విషయం ఆ ఇంట్లో ఒక ఆదివారం ఉదయం పరిశీలనకు వచ్చింది. అంతకు కొద్దిసేపటి ముందు బీరువా తలుపు తీసిన ఇంటి యజమాని నెత్తిన ఒక సంచి పడింది. సంచిలో స్వెట్టర్లు మాత్రమే ఉండడంవల్ల ప్రాణనష్టం జరగలేదు.

యజమాని ఒక పెద్ద కార్యాలయంలో స్టోర్స్ సూపరింటెండెంటు. కార్యాలయానికి కావలసిన కుర్చీలు, ఫ్యాన్లు, కాగితాలు, చీపుళ్ళు అన్నీ ఆయన గోదాములో ఉంటాయి. ఉండడమే వాటి పని, బయటికి రావడం అరుదు. అంతటి అనుభవం ఉన్న మనిషి సొంత బీరువాను చక్కదిద్దలేకపోతే లోకంలో ఇంకెవరు చక్కదిద్దుతారు?

ఆ బీరువా సంగతి కాస్త చెప్పాలి. దాన్ని మూయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మోకాలితో తలుపును అదిమిపట్టాలి, ఇంకొకరు అదను చూసి తాళం తిప్పాలి. సూపరింటెండెంటుగారిది మోకాలు, ఆయన భార్యది తాళం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ వాదన లేకుండా, కంటిసైగతోనే కానిచ్చే పని అదొక్కటే. కాబట్టి బీరువా సర్దుకుంటే ఆ దాంపత్యానికి కొంత నష్టం తప్పదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

కాఫీ గ్లాసు కింద పెట్టి, నెత్తి తడుముకుంటూ, మంచం పక్కన నిలబడి ఆయన ప్రసంగించారు.

"చూడండి. వస్తువులు పెరిగేకొద్దీ మనిషికి చోటు తగ్గిపోతుంది. మనిషికి చోటు తగ్గితే ఆలోచన తగ్గుతుంది. ఆలోచన తగ్గితే ఇంకేముంది, మళ్ళీ వస్తువులే కొంటాం. సాయంత్రంలోగా ఈ బీరువా ఒంటిచేత్తో మూయగలగాలి. ముందు పిల్ల బట్టలు తీయండి."

పిల్ల బట్టలే ముందు ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరికంటే చిన్నది పిల్ల. ఏ సంస్కరణ అయినా అక్కడే మొదలవుతుంది.

వెంటనే ఒక సంఘం ఏర్పాటయింది. అధ్యక్షుడు ఆయనే. లైబ్రరీలో పనిచేసే భార్య ఒక సభ్యురాలు. ఆయన తల్లి గౌరవ సభ్యురాలు, అంటే కూర్చున్నచోటు నుంచి లేవకుండా అన్నిటికీ అడ్డు చెప్పే అధికారం గల మనిషి. ఇక రెండో తరగతి చదివే కూతురు, ఇంట్లో బుడంకాయ అని పిలుచుకునే పిల్ల, హాజరు కావచ్చు గానీ మాట్లాడకూడదు.

మొదటి చర్చ సంఖ్య గురించి.

"నా చిన్నప్పుడు నాకు రెండే జతలు," అన్నారు అధ్యక్షులు బరువుగా. "ఏం, నేను పెరగలేదా?"

"రెండెక్కడివిరా?" అంది తల్లి. "అసలు నువ్వు ఒంటిమీద గుడ్డ ఉండనిచ్చేవాడివా? చొక్కా పట్టుకుని వీధంతా నీ వెనక పరిగెత్తలేక నా తల ప్రాణం తోకకొచ్చేది."

ఈ వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించారు.

"నాకూ రెండు చాలు నాన్నా," అంది బుడంకాయ. "ఒకటి ఉతికితే ఇంకోటి వేసుకుంటా."

చిన్నపిల్ల, లోకం తెలియదు అని అందరూ ముద్దుగా నవ్వారు. వారానికి ఏడు రోజులు గనుక ఏడు జతలు అని తీర్మానం జరిగింది. ఇంత చక్కటి లెక్క ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు అధ్యక్షులు కొంచెం ఆశ్చర్యపోయారు కూడా.

ఆ తర్వాత బీరువా తెరిచారు. కలరా ఉండల వాసనతో పాటు మంచం మీదికి బట్టలు వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. ఒక్క పిల్లకు ఇన్ని ఎలా పోగయ్యాయని పాఠకులు ముక్కున వేలేసుకోనక్కరలేదు. ఆ ఇంట్లో బట్టలు కొనడానికి ఒక పద్ధతి ఉంది, వాటిని వాడడానికి ఇంకొక పద్ధతి ఉంది.

కొనే పద్ధతి నానమ్మది. ఆవిడ జీవితంలో ఏనాడూ మనవరాలి కొలతకు బట్ట కొనలేదు. "పెరిగే పిల్ల," అనేది కొట్టువాడితో, "రెండు సైజులు పెద్దది చూపించు." కొట్టువాడు ఇంకో సైజు పెంచి చూపించేవాడు, ఎవరి భవిష్యత్తు ఎవరికి తెలుసు అని. అలా బుడంకాయ పుట్టినప్పుడు నడిచే పిల్లల బట్టలు, నడిచేటప్పుడు బడికెళ్ళే పిల్లల బట్టలు వచ్చి చేరాయి.

వాడే పద్ధతి పిల్ల తల్లిది. కొత్త గౌను ఒంటిమీదికి అతికినట్టు సరిపోయే రోజు ఎప్పుడో ఒకసారి రాకపోదు. సరిగ్గా ఆ రోజే ఆవిడ గౌనును కవరుతో సహా తీసి, ఎదురుగా పట్టుకుని, మురిసిపోయి, మళ్ళీ బీరువాలో పెట్టేది. "ఇంత మంచిది ఇప్పుడెందుకు? మంచిరోజున వేద్దాం." పుట్టినరోజున వాన పడింది. పెళ్ళి విందులో కూర ఒలుకుతుందని భయం వేసింది. ఫోటో తీయించుకునే రోజున పిల్లకు జలుబు, ముక్కు తుడుచుకుంటుందని వేయలేదు. మంచిరోజులకు ఏదో ఒక లోపం ఉంటూనే వచ్చింది. గౌను మాత్రం మరక లేకుండా, మడత నలగకుండా, పిల్లకు చిన్నదైపోయింది.

మరి ఇన్నేళ్ళూ ఆ పిల్ల ఏం వేసుకుని తిరిగింది? పెద్దమ్మ కూతురు వేసుకుని వదిలేసినవి. ఆ అక్క బుడంకాయ కంటే సరిగ్గా రెండేళ్ళు పెద్దది. ఆ వయసులో తను వేసుకున్నవే పంపింది గనుక అవి ఈ వయసుకు కుదిరాయి. ఇంటిల్లిపాదీ వాటిని బట్టలుగా లెక్కపెట్టలేదు. అవి ఉత్త 'ఇంట్లోకి'. ముఖ్యంగా ఒక నీలం ప్యాంటు. మోకాలి దగ్గర అతుకు, రెండు పక్కలా లోతైన జేబులు. ఆ జేబుల్లో ఎప్పుడూ నున్నటి రాళ్ళు ఉండేవి. ఆ ప్యాంటుతోనే బుడంకాయ మైదానం గోడ ఎక్కడం నేర్చుకుంది.

ఇప్పుడు మంచం మీద గుట్టలోంచి ఏడు జతలు ఏరాలి. ఇక్కడే సూపరింటెండెంటుగారి ఉద్యోగానుభవం అక్కరకొచ్చింది. గోదాములో ఆయన పాటించే సూత్రం ఒకటే: సీలు విప్పని వస్తువు సరుకు, సీలు విప్పింది పాతసామాను. సరుకును కాపాడాలి, పాతసామానును వదిలించుకోవాలి. ఈ సూత్రం ప్రకారమే ఆయన కార్యాలయంలో మనుషులు కూర్చున్న కుర్చీలన్నీ వేలానికి వెళ్ళిపోయాయి, అట్టపెట్టెల్లోని కుర్చీలు భద్రంగా ఉన్నాయి. గుమాస్తాలు కొన్నాళ్ళు నిలబడి పనిచేశారు.

అదే సూత్రంతో, కవరు విప్పనివి ఏడు జతలు మెరుపు చూసి ఏరి, తక్కినవన్నీ మూటలో వేయమన్నారు. నీలం ప్యాంటు మూటలో పడగానే బుడంకాయ దాని కాలు పట్టుకుంది.

"ఇది వద్దు నాన్నా. బుధవారం మా స్కూల్లో సొంత బట్టల రోజు. యూనిఫాం అక్కర్లేదు. ఇది వేసుకొస్తానని చెప్పేశాను. నా రాళ్ళు చూపిస్తానన్నాను."

"అమ్మలూ," అన్నారు అధ్యక్షులు, "ఏడు కొత్త జతలుండగా ఈ అతుకుల ప్యాంటా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. జేబులున్నాయిగా."

జేబుల అంశం అజెండాలో లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, జేబుల్లోని రాళ్ళు గుప్పిట్లో పోసి, ప్యాంటును మూటలో వేశారు. బుడంకాయ ఏడవలేదు. రాళ్ళు రెండు గుప్పిళ్ళలో పట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడింది.

పిల్ల బట్టలతో సంఘం అలసిపోయింది కాబట్టి పెద్దవాళ్ళ అరల తనిఖీ వాయిదా పడింది. అధ్యక్షుల అరలో ఉద్యోగంలో చేరిన కొత్తలో కుట్టించుకున్న చొక్కాలు గుండుసూదులతో సహా ఉన్నాయి. సన్నబడ్డాక తొడుక్కోవడానికి. ఈ చర్చలన్నీ ఆయన చిల్లుల బనీనుతోనే జరిపారు.

వీధి చివర, మైదానం గోడకు మేకులు కొట్టి ఉన్నాయి. అక్కరలేని బట్టలు అక్కడ తగిలిస్తే అక్కర ఉన్నవాళ్ళు తీసుకుపోతారు. సూపరింటెండెంటుగారు మూట విప్పి తగిలించి, దాని పక్కన నిలబడి ఫోటో దిగారు. ఇంటికొచ్చి బీరువాను ఒంటిచేత్తో మూశారు. తర్వాత భార్య మూసింది. తర్వాత నానమ్మ కూడా లేచి వచ్చి మూసింది. సోమ, మంగళవారాలు ఆ ఇంట్లో ఇదే వినోదం. బడి నుంచి వచ్చాక కూడా పిల్ల యూనిఫాంలోనే తిరుగుతోందని ఎవరూ గమనించలేదు.

బుధవారం ఉదయం పిల్లకు బట్టలు వేసే కార్యక్రమం మొదలైంది. మొదటి గౌను తల దగ్గరే ఆగిపోయింది. రెండోది తల దాటింది గానీ చేతులు దూరలేదు. మూడోది వేస్తే పిల్ల కనిపించలేదు, గౌను కనిపించింది. నాలుగోదానికి నడుము దగ్గర పిన్నీసులు పెట్టి చూశారు, అడుగు వేయగానే బోర్లా పడబోయింది. మిగిలినవీ ఇలాగే అటో ఇటో అయ్యాయి. కవర్లు చప్పుడు చేస్తూ గదంతా పరుచుకున్నాయి.

లోపలి బనీనుతో మంచం అంచున కూర్చున్న బుడంకాయ ఆ ఏడు జతలనూ రెండు కుప్పలు చేసింది.

"నాన్నా, ఇవి చిన్నప్పటి నావి. అవి పెద్దయ్యాక నావి. మరి ఇప్పటి నావి ఏవి?"

ఆడిట్‌వాళ్ళు అడిగిన ప్రశ్నలకు వేటికీ సూపరింటెండెంటుగారు ఏనాడూ తడబడలేదు. ఇప్పుడు సిగ్గేసింది. పిల్ల మొహం చూడలేక, ఏడింటిలోకీ ఖరీదైన వెల్వెట్ గౌను కవరుతో సహా చంకన పెట్టుకుని, బనీను మీద తువ్వాలు వేసుకుని మైదానం వైపు పరిగెత్తారు.

మేకులకు నీలం ప్యాంటు లేదు. తల ఎత్తి చూస్తే గోడ మీద ఉంది. దానిలో ఇంచుమించు బుడంకాయ ఎత్తు ఉన్న పిల్ల ఒకతె ఉంది, కాళ్ళు ఊపుతూ. జేబులు అప్పుడే ఉబ్బి ఉన్నాయి.

"ఏమ్మా, ఆ ప్యాంటు నాకిచ్చేస్తావా?" అన్నారు ఆయన వగరుస్తూ.

పిల్ల ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "మీకు పట్టదు అంకుల్."

"నాకు కాదు, మా అమ్మాయికి. దానికి బదులు ఇది తీసుకో. వెల్వెట్. సీలు కూడా విప్పలేదు."

పిల్ల కిందికి దూకి, కవరు మీంచే గౌనును తడిమి చూసింది. పక్కలు వెతికింది. "జేబుల్లేవు," అంది. తర్వాత కాస్త ఆలోచించి, "కొత్తదా?" అని అడిగింది.

"బొత్తిగా కొత్తది."

"అయితే వద్దు. మా అమ్మ దాచేస్తుంది."

అని మళ్ళీ గోడెక్కి అవతలికి దిగిపోయింది. సూపరింటెండెంటుగారు వెల్వెట్ గౌనును, అలవాటు ప్రకారం, నలగకుండా పట్టుకుని ఇంటికి వచ్చారు.

సొంత బట్టల రోజున యూనిఫాంలో వచ్చిన ఏకైక విద్యార్థినిగా బుడంకాయ ఆ పూట స్కూలంతటికీ తెలిసిపోయింది. రాళ్ళు పెన్సిలు పెట్టెలో తెచ్చింది, అవి చూపించే వంతు వచ్చేలోపే గంట కొట్టారు. కానీ ప్రధానోపాధ్యాయురాలు ఆమెను వేదిక మీదికి పిలిచి భుజం తట్టారు.

"ఆడంబరాలకు పోని ఈ చిన్నారిని చూడండి! ఇంత నిరాడంబరత పెద్దల పెంపకం నుంచి వస్తుంది. వీళ్ళ ఇంట్లో వస్తువుల మీద మోజు ఉండి ఉండదు!"

చప్పట్లు మోగాయి. నిరాడంబరతకు బహుమతిగా ఒక గౌను ఇచ్చారు. పెరిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దది తెప్పించారు.

సాయంత్రం ఇంటికి రాగానే బుడంకాయ పుస్తకాల సంచి పడేసి, ఎవరికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా, కవరు చింపి గౌను తొడుక్కుంది. అది పాదాలు దాటి జీరాడుతోంది. నాన్న బెల్టు నడుముకు చుట్టి పైకి దోపుకుంది. అద్దం దగ్గరికి కూడా వెళ్ళలేదు. రెండు పక్కలా తడిమి చూసుకుని కేక పెట్టింది.

"నాన్నా! జేబులున్నాయి!"

రాళ్ళు జేబుల్లో పోసుకుని గుమ్మం వైపు నడిచింది.

"అయ్యో అయ్యో, కొత్తది!" అంది తల్లి.

"బహుమతిదే, మాసిపోతుంది! పట్టుకోరా!" అంది నానమ్మ.

సూపరింటెండెంటుగారు వాళ్ళిద్దరినీ ఆపడానికి చెయ్యెత్తారు. ఉదయం నుంచి ఆయన మనసులో ఒక మాట నలుగుతోంది. మంచిరోజు అంటే ఇదే, పోనివ్వండి దాన్ని, అని గట్టిగా చెబుదామనుకున్నారు. నోరు తెరిచారు.

"ఇంతకీ ఆ కవరు ఎక్కడ పడేసింది?" అన్నారు.

ముగ్గురూ కవరు కోసం మంచం కిందా బల్ల కిందా వెతుకుతుండగా బుడంకాయ గౌను ఎత్తిపట్టుకుని మైదానం చేరుకుంది. గోడ మీదినుంచి నీలం ప్యాంటు పిల్ల చెయ్యి అందించింది. కవరు దొరికింది గానీ ఒక పక్క చిరిగిపోయింది. అంటించి చూద్దామని సూపరింటెండెంటుగారు జిగురు కోసం బయల్దేరారు.

ఆయన్ని చూసి నవ్వుతున్న పాఠకులు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. కాకపోతే నవ్వుతూనే ఒకసారి ఒంటిమీద ఉన్నదేమిటో చూసుకోవలసిందిగా మనవి. మెడ దగ్గర వదులైపోయిన ఆ పాతదే కదా? కొత్తది లోపల కవరులో భద్రంగానే ఉంది లెండి. మంచిరోజు రానివ్వండి.