"కాదు" అనని ఆఫీసు

కాలువ పొంగి ఆఫీసు మూడో మెట్టు మీద చేపలు ఎగిరిన ఏడాది, కాలువల ఆఫీసరు గారు బల్ల గుద్ది ప్రకటించారు: "నేటి నుంచి ఈ కార్యాలయంలో 'కాదు' అన్న మాట చచ్చిపోయింది!"

ఆ ముక్కే ఎనిమిదడుగుల టేకు పలక మీద చెక్కించి గుమ్మం పైన బిగించారు. చెక్కింది వడ్రంగి తాత.

మరి కాని పనుల సంగతేమిటి? ఆఫీసరు గారు స్పానిష్ నేర్చుకుంటున్నారు! మన భాషలో కుదరదంటే జనం తగువుకొస్తారు. ఇంగ్లీషులో అందామంటే ఈ మధ్య అందరికీ అర్థమైపోతోంది! అందుకని రెండు రబ్బరు ముద్రలు చేయించారు. మామూలు దరఖాస్తులకు "ఎస్ పోకో ప్రొబాబ్లే", అంటే జరగడం కష్టమని. సిఫార్సుతో వచ్చినవాటికి "లో దూదో", అంటే అనుమానమేనని. జనం ముద్ర చూసుకుని మురిసిపోతూ ఇళ్లకు పోయేవారు.

తాతది చిన్న కోరిక. ఆరడుగుల వెడల్పు కాలువ మీది నడక వంతెనను వరద ఊడ్చుకుపోయింది. బడికెళ్లే మనవరాలు నడుంలోతు నీళ్లలో దాటుతోంది. చెక్క తనదే, చాకిరీ తనదే. అనుమతే కావాలి. అది లేకుండా గట్టున మేకు దిగితే జైలు!

నాలుగుసార్లు అర్జీ పెట్టాడు. నాలుగుసార్లూ ముద్ర పడింది.

"అంటే ఏంటయ్యా?"

"అవ్వదని, తాతా! సిఫార్సు ఉంటే 'లో దూదో' పడుతుంది, అదీ అంతే! పైకి అనకూడదుగా!" చెవిలో ఊదాడు గుమాస్తా.

ఆ సాయంత్రమే ఆఫీసరు గారు స్పానిష్ క్లాసుకు అడ్డదారి పట్టారు. వంతెన దివ్యంగా ఉందని పైవాళ్లకు నెలనెలా రాసి పంపింది ఆయనే. రాసీ రాసీ తానే నమ్మేశారు! ఎత్తిన కాలు ఎత్తినట్టే వెళ్లి కాలువ బురదలో దిగబడ్డారు.

"తాతా! చెయ్యివ్వు! లాగుతావా, లేదా?"

గట్టున మనవరాలి పుస్తకాల సంచి పిండుతున్న తాత నింపాదిగా తలెత్తాడు.

"ఎస్ పోకో ప్రొబాబ్లే, బాబూ."

"వంతెనకు అనుమతి ఇస్తానయ్యా!"

"లో దూదో."

"నా పిల్లల మీదొట్టు!"

తాత కొలకర్ర అందించి బయటికి లాగాడు.

మర్నాడు పొద్దున్నే ఐదో అర్జీతో వెళ్లాడు. ఆఫీసరు గారు పొడిబట్టల్లో ఉన్నారు. తలెత్తకుండా ముద్ర దబ్బున వేశారు: "లో దూదో."

"సిఫార్సు ముద్ర పడిందే! నిన్నటి పరిచయం పనిచేసింది, తాతా!" అన్నాడు గుమాస్తా.

తాత బయటికొచ్చి నిచ్చెన వేసి, టేకు పలక ఊడదీసి, భుజానికెత్తుకుని వెళ్లి, అక్షరాలు పైకి పెట్టి కాలువకు అడ్డంగా పరిచాడు. గట్టున మేకు మాత్రం ఒక్కటీ కొట్టలేదు.