తాతగారు వదిలివెళ్ళిన కొత్త కోటు

ఆదివారం ఉదయం టీ తాగుతుండగా, డెరిక్ పమ్‌ఫ్రీ తోలు కోటు మోచేతి నుంచి గోధుమరంగు పెచ్చు ఒకటి ఊడి కప్పులో పడింది.

డెరిక్ దాన్ని చెంచాతో తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. వెనకవైపు గుడ్డ పోగులు కనిపించాయి. గోడ సున్నం పెచ్చులూడుతుంది. ఎండకి కాలిన వీపు పెచ్చులూడుతుంది. గుర్రపు చర్మం మాత్రం గుర్రం మీద ఉన్నప్పుడూ ఊడదు, మనిషి మీదికి వచ్చాకా ఊడదు. అంటే ఇది తోలు కాదు. అంటే ఇది అతని కోటు కాదు.

ఇంట్లో హీటర్ వేసుకుని, టీ బల్ల దగ్గర తోలు కోటు ఎందుకు వేసుకున్నాడని పాఠకులు అడగకూడదు. అలాంటి కోటు ఉన్నవాళ్ళని అది అడగరు.

"బ్రెండా, నా కోటు ఎవరో మార్చేశారు" అన్నాడు.

"నిన్న సాయంత్రం నుంచీ ఆ కోటు చేతులు నీ గోళ్ళ దాకా వస్తున్నాయి. నువ్వే కుంచించుకుపోతున్నావనుకున్నాను" అంది భార్య, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"చూసి కూడా చెప్పలేదా?"

"ఈ వయసులో ఎందుకులే మనసు కష్టపెట్టడం అనుకున్నా."

నష్టం ఎంతటిదో తెలియాలంటే కారు కోటు చరిత్ర కొంచెం తెలియాలి. కార్లకి కప్పూ హీటరూ లేని రోజుల్లో, నడిపేవాడు చలికి గడ్డకట్టకుండా, కూర్చుంటే కాళ్ళకి అడ్డం రాకుండా, తొడల దగ్గర ఆగిపోయేలా కుట్టిన కోటు అది. తరవాత కార్లకి కప్పు వచ్చింది, హీటర్ వచ్చింది, కోటు అవసరం తీరిపోయింది. అవసరం తీరిపోయిన వస్తువు మీదే పెద్దమనుషులకి ప్రేమ పుడుతుంది. ముప్ఫై ఏళ్ళు జనం పళ్ళు పీకి విశ్రాంతి తీసుకుంటున్న డెరిక్‌కి ఆ ప్రేమ మరీ ఎక్కువ. కోటు వేసుకోవడానికి ఒక కారణం కావాలి కనుక, 1934 నాటి కప్పులేని కారు ఒకటి కొనుక్కున్నాడు.

కారు వారంలో దొరికింది. కోటు దొరకలేదు. 'పాతకాలపు శైలి, అత్యుత్తమ నాణ్యత' అని ఫోటోలో మెరిసిన మొదటి కోటు ఇంటికొచ్చేసరికి కాలేయంలా నిగనిగలాడుతూ చేపల వాసన వేసింది. రెండోదానికి గుండీలు మొదటి తుమ్ముకే రాలిపోయాయి. దానంగా వచ్చిన పాత బట్టలు అమ్మే ధర్మదుకాణంలో దొరికిన మూడోది అచ్చంగా పాతదే. జేబులో పాత యజమాని కట్టుడు పళ్ళు ఉన్నాయి. వృత్తిరీత్యా డెరిక్ వాటిని మెచ్చుకున్నాడు గాని, ఆ కోటు వేసుకోలేకపోయాడు. చివరికి వాల్సాల్‌లో, గుర్రపు జీనులు కుట్టే వీధిలో, ఒక చిన్న కార్ఖానాలో అతని కల నెరవేరింది. మందమైన గుర్రపు తోలు, లోపల ఉన్ని, మెడ దగ్గర గాలి చొరకుండా పట్టీ, నడుముకి బెల్టు. వేసుకుని అద్దంలో చూసుకుంటే తనకే తను నమస్కారం పెట్టాలనిపించింది.

ఆ కోటుకి ఉన్న లోపం ఒక్కటే. అది కొత్తది.

స్కెల్‌బీ పాతకార్ల సంఘంలో 'కొన్నాను' అనేది బూతుమాట. ఆ సంఘంలో కార్లు 'మా ఇంటికి వచ్చాయి'. కోట్లు 'మాకు వదిలివెళ్ళారు'. అప్పుడే దుకాణం నుంచి తెచ్చిన పాల సీసా గురించి తప్ప ఎవరూ ఆ మాట వాడరు, అదీ గొంతు తగ్గించి. అందుకని డెరిక్ ముందుగా కోటుని పొరుగింటి కోళ్ళ గూట్లో పడుకోబెట్టాడు. కోళ్ళు కాలరు మీద శ్రద్ధగా ముక్కుపని చేశాయి. తరవాత ఇంటిముందు నేల మీద బోర్లా పరిచి, దాని మీదుగా కారు ముందుకీ వెనక్కీ నడిపాడు. వీపు మీద టైరు గుర్తు చక్కగా పడింది. ఎంతో కష్టపడి సంపాదించిన నాణ్యమైన వస్తువుని ఇంత కష్టపడి పాడుచేయడం చదువుకున్నవాళ్ళకే సాధ్యం.

మొదటి సమావేశంలో కార్యదర్శి కీత్ అల్లార్‌డైస్ కోటు వంక చూసి "వదిలివెళ్ళారా?" అని అడిగాడు.

"తాతగారిది" అన్నాడు డెరిక్.

ఒకసారి తాతగారు వచ్చాక ఆయనకి జీవితం ఇవ్వక తప్పదు. 1932లో ఆల్ప్స్ కొండల మీద కారు పందెంలో ఫ్యాను బెల్టు తెగిపోతే, తాతగారు ఈ కోటు బెల్టు విప్పి బిగించి కొండ దిగారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. డెరిక్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. తాతగారంటే అతనికి అంత గౌరవం ఏర్పడిపోయింది.

శనివారం సంఘం విందు 'నల్ల పొట్టేలు' పబ్బులో జరిగింది. కోట్లన్నీ వసారాలో పక్కపక్కనే తగిలించారు. అన్నీ గోధుమరంగువే, అన్నీ తొడల దాకా ఉన్నవే. ఎవరిదేదో గుర్తుపెట్టుకోవడం దుకాణదారుల అలవాటు కనుక ఎవరూ పెట్టుకోలేదు. ఏది జరిగినా అక్కడే జరిగి ఉండాలి.

డెరిక్ దర్యాప్తు మొదలుపెట్టాడు. తరవాతి సమావేశంలో ఒక్కొక్క సభ్యుడి వెనకా చేరి, వాతావరణం గురించి మాట్లాడుతూ వీపులు పరిశీలించాడు. ఎక్కడా టైరు గుర్తు లేదు. చివరికి గుంపులో ఎవరో పక్కకి తప్పుకోగానే కనిపించింది. నిప్పుగూటి వైపు తిరిగి, వీపుని అందరికీ చూపిస్తూ సంఘాధ్యక్షుడు గైల్స్ ఫాంషా నిలబడి ఉన్నాడు.

"ఈ గుర్తు చూశారూ," అంటున్నాడు గైల్స్, "మా అమ్మ తండ్రిగారిని 1931లో రేసులో ఒక ఇటాలియన్ తొక్కించుకుంటూ పోయాడు. తాతగారు లేచి, దుమ్ము దులుపుకుని, ఆ ఇటాలియన్‌కే దారి చెప్పారు."

"మరి ఆ కాలరు మీద చిల్లులు?" అడిగాడు కీత్, వినయంగా.

"యుద్ధం. ఆయన వాటి గురించి మాట్లాడేవారు కాదు."

కోళ్ళు కూడా మాట్లాడలేదు. డెరిక్ ఒక మూల నిలబడి, తన టైరు, పొరుగింటి కోళ్ళు తనకంటే గొప్ప వంశంలో చేరిపోవడం చూశాడు. బాధ కలిగింది. దాంతోపాటు, ఇటాలియన్ సంగతి తనకెందుకు తట్టలేదా అని అసూయ కూడా కలిగింది.

ఇంటికి వెళ్ళి బ్రెండాకి చెప్పాడు.

"అది నాది అను. రెండు మాటలు. నీకు ఊపిరి చాలకపోతే నేనొచ్చి అంటా" అంది ఆమె.

"అలా అనకూడదు బ్రెండా. నీదేనని గుర్తేమిటి అంటాడు. లోపలి జేబులో వాల్సాల్ కార్ఖానా చీటీ కుట్టి ఉంది, సంవత్సరంతో సహా. అది చూపిస్తే కోటు నాదవుతుంది. తాతగారు పోతారు."

"నాయనా డెరిక్, మీ తాత ట్రాములో టికెట్లు కొట్టేవాడు. కారెక్కితే కడుపులో తిప్పి కిటికీలోంచి కక్కేవాడని మీ అమ్మే చెప్పింది."

"ఆ తాత వేరు."

"అయితే ఈ తాతనే కప్పుకో, వెచ్చగా ఉంటాడు" అని ఆమె దీపం ఆర్పేసింది.

సమస్య తీవ్రత ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది. నవంబరులో సంఘం వార్షిక యాత్ర. విట్‌బీ సముద్రతీరం దాకా, కప్పులేని కార్లలో, వర్షంలో. వర్షం సంఘం నియమావళిలో లేదు గాని ఎన్నడూ గైర్హాజరు కాలేదు. ఆ పెచ్చులూడే అట్టతొడుగుతో డెరిక్ ఆ యాత్ర చేస్తే న్యుమోనియా ఖాయం. చేయకపోతే, తాతగారు ఆల్ప్స్ దాటితే మనవడు చినుకులకి భయపడ్డాడంటారు. కోటు వెనక్కి రావాలి. అడగకుండా రావాలి.

ముందు పొగిడి చూశాడు. "మీ కోటు చాలా బాగుంది గైల్స్" అన్నాడు, కళ్ళలోకి గట్టిగా చూస్తూ.

"బాగుంది కదూ" అన్నాడు గైల్స్.

తరవాత ఉపన్యాసం ఇచ్చాడు. 'తోలు: తరతరాల బాధ్యత' అనే అంశం మీద, ముందు వరుసలోని అధ్యక్షుణ్ణే చూస్తూ, గంటసేపు మాట్లాడాడు. "మిత్రులారా, తోలుకి జ్ఞాపకశక్తి ఉంది. అది తన యజమాని భుజాలని మరిచిపోదు. పరాయి భుజాల మీద అది ఎంత వేదన పడుతుందో మనస్సాక్షి ఉన్నవాడు ఊహించగలడు" అన్నాడు. గైల్స్ తలవంచుకున్నాడు. మనస్సాక్షి కదిలిందని డెరిక్ మురిసిపోయాడు. నిజానికి ఆయన, తోలుకి మైనం ఎలా పట్టించాలో డెరిక్ చెప్పింది కాగితం మీద రాసుకుంటున్నాడు. మరుసటి వారానికి కోటు మునుపటికంటే కళకళలాడింది.

ఇక మిగిలింది దొంగతనం. తన కోటు తనే దొంగిలించడానికి పబ్బు వసారాలో రెండు సార్లు మాటు వేశాడు. గైల్స్ కోటు విప్పలేదు. అది వేసుకునే సూపు తాగాడు, వేసుకునే జాతీయ గీతానికి లేచి నిలబడ్డాడు. అంతటి అంకితభావం అధ్యక్షులకే ఉంటుందని కీత్ అందరికీ చెప్పుకొచ్చాడు.

యాత్ర రోజు వచ్చింది. వర్షమూ వచ్చింది. మూర్‌లనే బీడు కొండల మీదికి ఎక్కేసరికి డెరిక్ కోటు కుడిచెయ్యి పూర్తిగా గుడ్డగా మారింది. ఆపైన కాలరు పోయింది. గోధుమరంగు పెచ్చులు గాలికి లేచి వెనకవచ్చే కార్ల అద్దాలకి అంటుకుంటుంటే, ఆ కార్లవాళ్ళు అవి రాలే ఆకులనుకుని ప్రకృతిని మెచ్చుకున్నారు. ముందు కారులో అధ్యక్షుడు గుర్రపు తోలులో, ఉన్ని లోపల, మెడ పట్టీ బిగించుకుని, నిటారుగా కూర్చున్నాడు. వాన ఆయన భుజాల మీద పడి, క్షమించమన్నట్టు జారిపోతోంది. ఆ దారంతా డెరిక్ ఆ వీపునే చూస్తూ నడిపాడు. ఆ వీపు మీద ఉన్న టైరు, తను కూర్చున్న కారుదే.

విట్‌బీలో మధ్యాహ్న భోజనానికి ముందు పురస్కారాల సభ. ఏడాదికొక్కసారి ఇచ్చే 'సహజ శిథిలతా పురస్కారం' ఈసారి ఏకగ్రీవంగా డెరిక్ పమ్‌ఫ్రీ కోటుకి ప్రకటించారు. వణికే దవడతో, నీళ్ళు కారుతూ, అతను వేదిక ఎక్కాడు. గైల్స్ మైకు అందుకున్నాడు.

"సోదర సభ్యులారా, ఈ కోటు చూడండి. మరమ్మతు అనే పాపం దీన్ని తాకలేదు. ఒక తాతగారి ధైర్యమే ఇలా చినిగి వేలాడుతోంది. మన ఘనమైన గతం పెచ్చులుపెచ్చులుగా మన కళ్ళముందే రాలుతోంది. ఇంతకంటే అదృష్టం ఏముంటుంది?"

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గైల్స్ వెండి కప్పు అందించి, ఆత్మీయంగా కౌగిలించుకున్నాడు. వెచ్చగా, మైనం వాసనతో, డెరిక్ సొంత కోటు డెరిక్‌ని కౌగిలించుకుంది. వదలబుద్ధి కాలేదు. గైల్స్ విడిపించుకోబోతే కాలరు పట్టుకున్నాడు.

"గైల్స్," అన్నాడు, మైకు పక్కనే ఉందని కూడా మరిచిపోయి, "ఇది నాది. వాల్సాల్‌లో కొన్నాను."

ఆడవాళ్ళున్న సభలో ఆ మాట వాడినందుకు ఎవరో దగ్గారు. చివరి వరుసలో బ్రెండా ఒక్కతే చప్పట్లు కొట్టింది.

"చిల్లులు కోళ్ళవి. టైరు నాది. మా తాత ట్రాములో టికెట్లు కొట్టేవాడు" అన్నాడు డెరిక్. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం కష్టమైంది.

గైల్స్ ఏమాత్రం తొట్రుపడలేదు. మెడ పట్టీ విప్పాడు. బెల్టు విప్పాడు. కోటు తీసి డెరిక్ భుజాల మీద కప్పి, అతని చేతిలోంచి వెండి కప్పు తను తీసుకున్నాడు. తరవాత మైకు సరిచేసుకుని మాట్లాడాడు.

"ఆ చినిగిన కోటు నాది కనుక ఈ కప్పు కూడా నాదే. ఇక డెరిక్ కోటు సంగతి. తీసుకున్నాను. పొరపాటున కాదు. ఆ శనివారం మీరంతా సూపు దగ్గర ఉన్నప్పుడు నేను వసారాలో ప్రతి కోటూ లోపలికి తిప్పి చూశాను. ప్రతిదానికీ చీటీ ఉంది. ఏ చీటీకీ తాత వయసు లేదు. మా తాత కూడా ఇందులో మినహాయింపు కాదు, ఆయన పందులు పెంచేవాడు. అన్నిట్లోకీ డెరిక్‌దే మంచి తోలు, అందుకే తీసుకున్నాను. అతను అడుగుతాడని నాకు భయం లేదు. తాతగారిదని చెప్పుకున్నవాడు దుకాణం పేరు చెప్పి ఎలా అడుగుతాడు? నిజం చెప్పి ఉంటే అతని కోటు ముట్టుకునే ధైర్యం నాకుండేది కాదు. ఇతను అడిగాడు, ఇచ్చేశాను. నాతో పేచీ లేదు. నా తలమీది ఈ టోపీ కూడా ఇక్కడున్న ఒకరిదే. ఈ చేతితొడుగులు ఎవరివో వాళ్ళకి తెలుసు. ఆ మనిషి కిందటేడు నుంచీ జేబుల్లో చేతులు పెట్టుకుని తిరుగుతున్నాడు, ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు. కొన్నానని ఒక్కమాట అనండి, ఇక్కడికిక్కడే విప్పి ఇస్తాను. కీత్, నువ్వేమైనా అంటున్నావా? లేదా? మరెవరైనా? సరే అయితే, పదండి, సూపు చల్లారిపోతోంది."