జ్ఞానప్రకాశం కంటి ముడతలు

శుక్రవారం ఉదయం గడ్డం గీసుకుంటూ జ్ఞానప్రకాశం మూడు పనులు అనుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక తలకు రంగు వేసుకోవాలి. నీలం చొక్కా ఇస్త్రీకి వేయాలి. సోమవారం లోపల కళ్ళ కింది ముడతలు పోగొట్టుకోవాలి. మొదటి రెండూ మనిషన్నవాడు చేయగలిగినవే.

సోమవారం హెడ్డాఫీసు నుంచి జనరల్ మేనేజరు సత్యభామ వస్తోంది. అది రెండువేల ఒకటో సంవత్సరం. బెంగుళూరులో కుందలహళ్ళి చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు కంపెనీలు మనుషుల్ని ఎంత వేగంగా ఎక్కించుకున్నాయో అంతకంటే వేగంగా దింపేస్తున్న రోజులు. సత్యభామ ఏ బ్రాంచికి వెళ్ళినా అందరినీ పేరుపేరునా పలకరిస్తుందనీ, ఆవిడ తిరిగి రైలెక్కేసరికి అందులో కొన్ని పేర్లు కంపెనీలో ఉండవనీ చెప్పుకునేవారు. పోయినసారి మైసూరులో నలభై దాటినవాళ్ళనే ఏరి పంపించిందట. టెస్టింగు విభాగం మేనేజరు జ్ఞానప్రకాశానికి నలభై ఆరు. ఈ వయసులో ఇంకో కంపెనీ గుమ్మం తొక్కి, తన కూతురి ఈడు పిల్లల ముందు ఇంటర్వ్యూకి కూర్చోవాలన్న ఊహ వచ్చినప్పుడల్లా అతను అద్దం వెతుక్కునేవాడు.

ముడతలకు మందు ఇంట్లోనే ఉంది. భార్య మార్తకు బుగ్గల మీద మంగు వస్తే చర్మం డాక్టరు దేవదానం రాసిచ్చిన రెటినాయిడ్ క్రీము అది. "మంగే కాదే, ముడతలు కూడా పోతాయంట," అని మార్త తన చెల్లెలికి ఫోనులో చెబుతుంటే అతను విన్నాడు. మిగతా సంభాషణ ఆడవాళ్ళ కబుర్లని పట్టించుకోలేదు.

ఎలా పూసుకోవాలో చెప్పే కాగితం ఆ పెట్టెలోనే మడతపెట్టి ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడి మీదా, "డాక్యుమెంటు చదవకుండా దేని మీదా చెయ్యి వెయ్యొద్దు!" అని విరుచుకుపడే మనిషే జ్ఞానప్రకాశం. కాని ఈ కాగితం మీది అక్షరాలు చీమ తలలంత ఉన్నాయి. చదవాలంటే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పెట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టే. అందుకని కాగితాన్ని మళ్ళీ మడిచి పెట్టెలో దోపి, స్నానాలగది గడియ వేసి, పసిపిల్లకు కాటుక దిద్దినంత శ్రద్ధగా రెప్పల అంచుల దాకా క్రీము దిద్దుకున్నాడు.

రాత్రి ఇంకోసారి దిద్దుకున్నాడు. శనివారానికి మంట పుట్టింది. పుట్టగానే సంతోషించాడు. మంట పుట్టని మందును వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా మందు కింద లెక్కేయలేదు. మోకాలు చెక్కుకుపోతే టించరు, తలనొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగే బామ్, దగ్గుకు గొంతు కాలే కషాయం. అలా పెరిగిన మనిషికి మంట అంటే మందు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. కనుక ఇంకొంచెం దట్టంగా పూశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి గంటసేపు లోకాభిరామాయణం మాట్లాడాడు. ఇంటికొచ్చి తలకు రంగు వేసుకుని, రాత్రికి ఆఖరి కోటింగు ఇచ్చాడు.

సోమవారం తెల్లవారి అద్దంలో కనబడిన మనిషిని అతను వెంటనే గుర్తుపట్టలేదు. తల నల్లగా నిగనిగలాడుతోంది. దాని కింద రెప్పలు ఎర్రగా ఉబ్బి, పొట్టు రేగి ఉన్నాయి. కళ్ళు ధారగా కారుతున్నాయి. ముడతలు మాత్రం నిజంగానే లేవు, వాపులో కలిసిపోయాయి.

మార్త చూస్తే కొంపలంటుకుంటాయని నల్లద్దాలు తగిలించుకుని, వంటింటి వైపు ఒక కేక వేసి బయటపడ్డాడు. గేటు దగ్గర ఇంటి యజమాని బైరప్ప మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. సరిగ్గా అక్కడే జ్ఞానప్రకాశం అద్దాలు తీసి చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకోవలసి వచ్చింది.

"ఏమప్పా, కండ్లు ఇట్ల ఊదుకోనుండాయి? రాత్రంతా ఏడ్సినావా?" అన్నాడు బైరప్ప.

"లేదు సార్, దుమ్ము."

"దుమ్ము రెండు కండ్లల్లోనూ సమంగా పడతాదా? పేపర్లో చూస్తానే ఉండాను, కంపెనీలన్నీ గోవిందా అంటుండాయి. నాతో చెప్పుకోడానికి సంకోచం దేనికప్పా?"

"దుమ్మే సార్," అని జ్ఞానప్రకాశం కంపెనీ బస్సు కోసం పరుగెత్తాడు. బైరప్ప పైపు కింద పడేసి మార్తను ఓదార్చడానికి మేడ మెట్లు ఎక్కాడు.

ఆఫీసులో సత్యభామ కాన్ఫరెన్సు గదిలో కూర్చుని మొదట జ్ఞానప్రకాశాన్నే పిలిపించింది. ఆవిడ ముందు నల్లద్దాలతో కూర్చుంటే మర్యాద కాదని తీసేశాడు. ప్రాజెక్టు పని ఎంతవరకు వచ్చిందో చెబుతున్నంతసేపూ కన్నీళ్ళు నీలం చొక్కా మీదికి జారుతూనే ఉన్నాయి. ఆవిడ టిష్యూ పెట్టె అతని వైపు జరిపి, "మీ బాధ నాకు అర్థమవుతోంది ప్రకాశం గారూ," అంది. ఏ బాధో అతనికి అర్థం కాలేదు.

టిష్యూతో కళ్ళు అద్దుకుంటూ అతను ఆ గదిలోంచి బయటికి రావడం టీము మొత్తం చూసింది. టీము అంటే ఏడుగురు. వాళ్ళకు పెద్దదిక్కు హరిణి.

"సార్, ఏమైంది సార్? లోపల ఏమన్నారు?" అంది హరిణి లేచి నిలబడి.

"ఏం లేదమ్మా. మీరెవరూ కంగారు పడకండి."

ఆ ఏడాది బెంగుళూరులో ఏ కంపెనీలోనైనా మేనేజరు నోటివెంట రాకూడని మాట ఏదైనా ఉందంటే అది ఇదే. అతను సీట్లో కూర్చునే లోపలే టీములోని అభిజిత్ తన రెజ్యూమె తెరిచాడు. "ఎదురు బిల్డింగ్‌లో ఈరోజు వాకిన్ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయంట. లంచ్ టైమ్‌లో వెళ్ళొద్దామా?" అన్నాడు గుసగుసగా. "సార్‌ని వదిలేసి ఎలారా?" అంది హరిణి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. వాళ్ళను తిట్టినా పై వాళ్ళ దగ్గర ఒక్క మాట పడనివ్వని మనిషి ఆయన.

ఆ మొహమాటం కూడా భోజనాల వేళకు తీరిపోయింది. బైరప్ప ఓదార్పుతో బెంబేలెత్తిన మార్త ఆటో కట్టించుకుని, ఏడ్చుకుంటూ ఆఫీసులోకి వచ్చింది.

"ఉద్యోగం పోతే పోనీండి, ప్రాణాల మీదికి తెచ్చుకోకండి!" అంటూ వచ్చి భర్త మొహం చూసి టక్కున ఆగిపోయింది. రెప్ప మీది పొట్టును వేలితో తాకింది. ఏడుపు ఆగింది, కోపం మొదలైంది. నలుగురిలో గొంతు పెంచలేక అతని చెవి దగ్గర, "నా క్రీము ట్యూబు ఎందుకు ఖాళీ అయిందో ఇప్పుడు తెలిసింది. లేవండి, డాక్టరు దగ్గరికి," అంది.

టీముకు వినబడింది మొదటి మాట. కనబడింది ఆ తరువాతి దృశ్యం: ఏడ్చిన కళ్ళతో భార్య, ఏడుస్తున్న కళ్ళతో మేనేజరు, ఆవిడ ఒక చేతిలో అతని బ్యాగు, ఇంకో చేతిలో అతని చెయ్యి, తిన్నగా గేటు వైపు. మేనేజరునే తీసేశారంటే ఇక మనమెంత అని ఏడుగురూ ఒకేసారి లేచారు.

డాక్టరు దేవదానం అతని కళ్ళలోకి టార్చి వేసి చూసి, ముందు శుభ్రంగా నీళ్ళతో కడిగించాడు. తరువాత తీరిగ్గా మనిషినే కడిగేశాడు.

"ఎంత పూశారు?"

"బాగానే పూశానండీ."

"ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత. అదీ రాత్రిపూట, మొదట్లో వారానికి రెండు మూడుసార్లు. కంటి చుట్టూ ఎముక తగులుతుంది చూడండి, ఆ గట్టు దాటి లోపలికి రాకూడదు. రెప్పల మీదికి అసలే పోకూడదు. అక్కడి చర్మం ఉల్లిపొరంత ఉంటుంది. పగలు ఎండ తగలకుండా వేరే క్రీము పూసుకోవాలి. మంట పుడితే ఆపాలి. మీరేం చేశారు?"

"ఇంకొంచెం పూశారు," అంది మార్త.

"అదృష్టం, కనుగుడ్డుకేం కాలేదు. చూపు మసకేస్తే మాత్రం వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇంకో వారం పది రోజులు ఈ నీళ్ళు, ఈ ఎరుపు ఇలాగే ఉంటాయి. ఉత్త వాసెలిన్ రాయండి, ఇంకేదీ ముట్టుకోకండి."

జ్ఞానప్రకాశం ప్రాణం లేచి వచ్చింది. జరిగింది టీముకు చెప్పేసి, అందరూ నవ్వితే తనూ నవ్వేసి గండం గట్టెక్కుదామని ఆటోలో తిరిగి ఆఫీసుకు వెళ్ళాడు. ఏడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. హరిణికి ఫోను చేశాడు.

"సార్, మీరు బాధపడకండి సార్," అంది హరిణి ఏడుస్తూ. "మా అందరికీ ఎదురు బిల్డింగ్‌లో ఆఫర్ ఇచ్చేశారు. ఇక్కడ రిజైన్ మెయిల్స్ కూడా పెట్టేశాం. మీ గురించి కూడా అడిగాం సార్. కానీ వాళ్ళు థర్టీఫైవ్ లోపు వాళ్ళనే తీసుకుంటారంట."

జ్ఞానప్రకాశం ఫోను పెట్టేశాడు. పొద్దుటి నుంచీ కారుతున్న కళ్ళే అవి. కాని ఇప్పుడు కారినవి మాత్రం అతని సొంత కన్నీళ్ళు. ఆ ఏడుగురినీ పని నేర్పి పైకి తెచ్చింది తనే. వాళ్ళు తన కోసం కూడా అడిగారు.

అదే సమయానికి సత్యభామ పిలిచింది. "కూర్చోండి. నిజం చెబుతున్నాను. ఈ బ్రాంచిలో నలుగురిని తగ్గించమన్నారు. మొదటి పేరు మీదే. ఇప్పుడు ఏడుగురు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. నోటీసు ఖర్చు లేదు, గొడవ లేదు, ఒక్కరు కూడా కంపెనీని తిట్టలేదు. వెళుతూ వెళుతూ మీ కోసం ఏడ్చారట! మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇంకా ఐదు ఊళ్ళలో ఈ పని ఉంది. ఇకనుంచి నా బదులు మీరు వెళతారు. ఇంత మనసున్న మేనేజరును నేను ఇంతవరకు చూడలేదు."

అబద్ధంతో వచ్చిన పదవి అతనికి మింగుడుపడలేదు. ఏదైతే అదైందని నోరు విప్పాడు.

"మేడమ్, పొద్దున మీ ముందు నేను ఏడవలేదండీ. ముడతలు పోతాయని మా ఆవిడ క్రీము కళ్ళకు పూసుకున్నాను. అది మండి నీళ్ళు కారాయి."

సత్యభామ ముందుకు వంగి అతని కళ్ళను పరీక్షగా చూసింది.

"ఎన్ని రోజులు ఉంటుందన్నారు డాక్టరు?"

"వారం, పది రోజులండీ."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది.

"అయితే ఈ లోపల చెన్నై, హైదరాబాదు రెండూ అయిపోతాయి," అంది.