సలహాల పెట్టెలో సింహాసనం

ఆ శనివారం ముత్యాల పిల్ల పెట్టుకున్న పనులు మూడే. పొద్దున్నే అందరికంటే ముందు కార్ఖానాకు వెళ్లి సలహాల పెట్టెలో తన చీటీ వెయ్యాలి. ఆరు డజన్ల గొడుగులకు అంచు కుట్టాలి. సాయంత్రం నాలుగింటికి అయ్యగారి చేతుల మీదుగా ఉద్యోగం ఖాయమైన కాగితం అందుకుని, నలగకుండా ఇంటికి తీసుకువెళ్లి అమ్మకు చూపించాలి. మొదటి పని మిగతా రెండింటి కొంప ముంచుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ముత్యాల పిల్ల అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆమె చేతిరాత ముత్యాల కోవలా ఉంటుందని గొడుగుల కార్ఖానాలో అందరూ అలా పిలిచేవారు. సరుకు పెట్టెల మీద చిరునామాలన్నీ ఆమే రాసేది. రాయమంటే ఠావులకు ఠావులు రాస్తుంది గానీ, మాట్లాడమంటే మాత్రం చీరకొంగు మెలిపెడుతూ నిలబడిపోతుంది. చేరి ఆరు నెలలైంది. ఇన్నాళ్లూ తాత్కాలికమే.

ఇక ఆ సీరియల్ సంగతి. ఎక్కడ తీశారో తెలియదు, రెండు తలల గద్దలు, మంచు కోట, ఏడేళ్లుగా ఆగని వాన, ఒక కుర్చీ కోసం కుటుంబమంతా ఒకరి మీద ఒకరు పన్నే ఎత్తులు. మాటలు తెలుగులోకి మార్చారు గానీ పేర్లు మాత్రం మార్చలేదు. ఒక్కో పేరు పలకబోతే పళ్లు ఊడి చేతికొచ్చేలా ఉండేది. అందుకని కుట్టు మిషన్ల దగ్గర అందరూ ఆ పాత్రలకి చుట్టరికాలతోనే పేర్లు పెట్టుకున్నారు. రాజు ముసలాయన. తర్వాత పెద్దకొడుకు. ఎప్పుడూ యుద్ధాలకు తిరిగే చిన్నకొడుకు, ఇంట్లో ఉండి అన్నీ గమనించే చిన్నకోడలు. గడ్డం తప్ప మంచితనం లేని మంత్రి గడ్డపాయన.

"ఏడేళ్ల నుంచి వాన పడుతుంటే అంత పెద్ద రాజ్యంలో ఒక్కడికీ గొడుగు లేదు! అలాంటి రాజు దిగిపోవాలా వద్దా?" అనేవాడు కటింగ్ మాస్టారు. రాజకీయాల్లో ఆయనది పెద్ద బుర్ర అని ఆయన అభిప్రాయం.

రెండు నెలల కిందట సీరియల్లో కోట వంటవాడే గూఢచారి అని తేలింది. మర్నాడు దాని మీద వాదించుకుంటూ పన్నెండు డజన్ల గొడుగులకు గుడ్డ తిరగేసి కుట్టేశారు. అయ్యగారు ఒక గొడుగు విప్పి, లోపలి అతుకులన్నీ ఆకాశానికి చూపించి, చాలా నెమ్మదిగా అన్నారు. "ఇకమీదట నా కార్ఖానాలో ఆ సీరియల్ మాట ఎవరి నోట వినబడితే వాళ్లకి ఆ రోజే ఆఖరు." ఆయన గట్టిగా అరిచి ఉంటే ఎవరూ భయపడేవారు కాదు.

ఒక వారం అందరూ నోళ్లు కట్టుకున్నారు. ఆ తర్వాత కటింగ్ మాస్టారు చట్టం చదివినవాడిలా దారి కనిపెట్టాడు. "అయ్యగారు నోట వినబడకూడదన్నారు. రాయకూడదనలేదు."

అలా సలహాల పెట్టెకు యోగం పట్టింది. పనివాళ్లు మనసులో మాట చెప్పుకోవాలని అయ్యగారు నాలుగేళ్ల కిందట ముచ్చటపడి పెట్టించిన పెట్టె అది. ఇన్నేళ్లలో అందులో పడిన సలహా ఒకటే: 'ఈ పెట్టె తలుపు పక్కన ఉంది, వస్తూ పోతూ తలకు తగులుతోంది.' అయ్యగారు పొంగిపోయి ఆ రోజే దాన్ని ఎదురు గోడకు మార్పించారు. తాళంచెవి కుట్టు వాళ్లకి పెద్దదిక్కు అయిన పెద్దక్క దగ్గర ఉండేది. అదే రకం చెవి ఇంకొకటి అయ్యగారి గుత్తిలో కూడా ఉందన్న సంగతి అందరూ మరిచిపోయారు.

ఈ శనివారం సాయంత్రమే ఆఖరి భాగం. కుర్చీ ఎవరికి దక్కుతుందో ముందే రాసి పెట్టెలో వేస్తే, సోమవారం తీసి చూస్తారు. సరిగ్గా చెప్పినవాళ్లకి నెలరోజులపాటు కిటికీ పక్క మిషను. గాలి, వెలుతురు, వీధి వినోదం. పదిమంది జోస్యాలూ ముత్యాల పిల్లే రాసిపెట్టింది. "నా రాత నాకే అర్థం కాదే తల్లీ, నువ్వు రాయి, నేను చెబుతా" అని మొదట పెద్దక్క అంది, ఆ వెనక అందరూ అన్నారు.

పదకొండోది ముత్యాల పిల్లది. మిగతావాళ్లు రెండు ముక్కల్లో తేల్చినదాన్ని ఆమె రెండు ఠావులు రాసింది. మడిచేసరికి చీటీ ఇటుకంత అయింది. పెట్టె గొంతులో సగం దిగి ఇరుక్కుంది. లోపలికి తోస్తే పోదు, బయటికి లాగితే రాదు. అంతలో మెట్ల మీద అయ్యగారి చెప్పుల చప్పుడు వినబడింది. ఆమె పరుగెత్తి తన మిషను దగ్గర కూర్చుని, దారం లేని సూదితో దీక్షగా కుట్టసాగింది.

అయ్యగారు పెట్టె ముందు ఆగారు. కళ్లజోడు సవరించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత తన పెట్టె నోట్లో కాగితం చూసి ఆయన కళ్లు చెమర్చాయి. గుత్తి తీసి, చెవి వెతికి, తలుపు తెరిచారు. పదకొండు చీటీలు ఆయన చేతుల్లోకి జలజలా రాలాయి. వాటిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని తన అద్దాల గదిలోకి వెళ్లిపోయారు.

"అయిపోయింది," అంది పనిలోకి వచ్చి సంగతి విన్న పెద్దక్క. "మనందరి గొడుగూ మడిచేస్తారు ఇవాళ."

"సీరియల్ అని తెలిస్తే కదా?" అన్నాడు మాస్టారు. "అందులో పేర్లే లేవు. ముసలాయన, పెద్దకొడుకు, చిన్నకోడలు... ఆయనకేం తెలుస్తుంది?"

ఆ మాట అంటూనే ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది. ముత్యాల పిల్లతో సహా ముగ్గురూ మెల్లగా అద్దాల గదివైపు తిరిగారు. లోపల డెబ్భై రెండేళ్ల అయ్యగారు. పక్క బల్ల దగ్గర ఆయన పెద్దకొడుకు. ఆర్డర్ల కోసం ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూ ఇవాళ కూడా ఊళ్లో లేని చిన్నకొడుకు. సరుకు గదిలో జాబితా రాసుకుంటూ చిన్నకోడలు. వీళ్లను ఎన్నడూ అయ్యగారు, పెద్దబాబుగారు, చిన్నమ్మగారు అని తప్ప పిలవలేదు గనక, ఇంత దగ్గరి పోలిక ఆ క్షణం వరకూ ఎవరి బుర్రకూ తట్టలేదు.

"ఓలమ్మో," అంది పెద్దక్క. "నేను పాల సంగతి రాయించాను."

ఆమె రాయించినది ఇది: 'ముసలాయనకు పాలల్లో కలిపి ఇచ్చేస్తారు. కలిపేది చిన్నకోడలే.'

సరిగ్గా పదకొండింటికి, రోజూలాగే, చిన్నమ్మగారు మావగారికి పాల గ్లాసు తెచ్చింది. అద్దంలోంచి అందరూ చూస్తున్నారు. అయ్యగారు గ్లాసు చూశారు. చీటీ చూశారు. కోడల్ని చూశారు. గ్లాసు మెల్లగా పెద్దకొడుకు వైపు జరిపారు. ఆయన ఏదో ఆలోచిస్తూ గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. అయ్యగారు గడియారం ముందుపెట్టుకుని కొడుకునే చూస్తూ పది నిమిషాలు కూర్చున్నారు.

"పెద్దకొడుకు సంగతి ఎవరు రాయించారు?" అని గొణిగింది పెద్దక్క.

"నేనే," అన్నాడు మాస్టారు నీరసంగా. "గుర్రం మీదినుంచి పడ్డవాడికి కుర్చీ ఏం నిలుస్తుంది అని."

పెద్దబాబుగారు పోయిన వారమే స్కూటరు మీదినుంచి పడ్డారు. మోచేతికి కట్టు ఇంకా ఉంది.

స్టోరు గుమాస్తా ఏదో సంతకానికని గదిలోకి వెళ్లి, బల్ల మీద చీటీ ఒకటి తలకిందులుగా చదివి బయటికి వచ్చాడు. 'గడ్డపాయన తలుపు చాటున నిలబడి అన్నీ వింటాడు. ముందు వాణ్ని సాగనంపాలి.' కార్ఖానా మొత్తానికి గడ్డం ఉన్నది ఆయనొక్కడికే. తలుపు చాటున నిలబడే అలవాటు కూడా ఆయనకే. భోజనాల తర్వాత ఆయన నున్నగా గీసిన మొహంతో తిరిగొచ్చాడు. చుబుకం మీద రెండుచోట్ల కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. మొదట అందరూ ఎవరో కొత్త మనిషి అనుకుని కుర్చీ వేశారు.

మూడింటికి పిలుపు వచ్చింది. "ముత్యాల పిల్లను రమ్మంటున్నారు."

పదకొండు చీటీలూ ఒకే చేతిరాత. అది ఎవరి చేతిరాతో చెప్పడానికి గుమ్మం దగ్గర పేర్చిన సరుకు పెట్టెలే చాలు.

"నిజం చెప్పెయ్యవే. నేనూ వస్తా నీతో," అంది పెద్దక్క.

"నిజం చెబితే సీరియల్ కింద ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తిట్టినందుకు పోతుంది," అని మాస్టారు లెక్క తేల్చాడు. "ఏదైనా ఒకటే. నా పేరు మాత్రం గుర్తు రానివ్వకు."

ముత్యాల పిల్ల ఒక్కతే వెళ్లింది. దారిలో ఒకే వాక్యం పదిసార్లు అనుకుంది: అది సీరియల్ అండీ, తప్పు నాదేనండీ. గదిలో పెద్దబాబుగారు, జాబితా పట్టుకుని చిన్నమ్మగారు కూడా ఉన్నారు. అమ్మకు చూపించాల్సిన కాగితం అయ్యగారి మోచేతి కింద కనబడుతోంది. దాని మీద ఇంకా సంతకం లేదు.

"ఈ రాత నీదే కదా?" అన్నారు అయ్యగారు.

"నాదేనండీ."

"పదకొండూ?"

"పదకొండూనండీ."

"ఇంతమంది పెద్దవాళ్లున్నారు. ఒక్కరికి నోరు పెగల్లేదు. మాటే రాదనుకున్న పిల్లకి వచ్చింది!"

"అయ్యగారూ, ఆ ముసలాయన మీరు కాదండీ..."

"చాల్లే, మొహమాటం. డెబ్భై రెండు నిండాయి. ముసలాయన్ని కాక పసివాణ్ణా?" అని ఆయన లావుపాటి చీటీ విప్పి పైకి చదవసాగారు.

"'ముసలాయన చెడ్డవాడు కాదు. అలిసిపోయాడు. దిగి విశ్రాంతి తీసుకోమని చెప్పే ధైర్యం చుట్టూ ఎవరికీ లేదు. పెద్దకొడుక్కి ఆ కుర్చీ ఎప్పుడూ అక్కర్లేదు. చెబితే తండ్రి మనసు విరుగుతుందని చెప్పడు. ఏ గదికి ఏ తాళమో, ఏ మనిషికి ఏ బాధో ఆ ఇంట్లో తెలిసింది చిన్నకోడలికే. ఆమెకు అప్పగిస్తే ముగ్గురూ సుఖంగా నిద్రపోతారు.'"

అయ్యగారు కళ్లజోడు తీసి కొడుకు వైపు తిరిగారు. "ఏరా, నీకు ఈ కుర్చీ అక్కర్లేదా?"

పెద్దబాబుగారు మోచేతి కట్టు సవరించుకున్నారు. "అక్కర్లేదు నాన్నా. మిషన్లు విప్పి బాగుచెయ్యమనండి, పొద్దస్తమానం చేస్తా. ఈ గదిలో నాకు ఊపిరాడదు. చెబితే మీరు బాధపడతారని..."

"నేను దిగితే నువ్వు బెంబేలు పడతావని ఎనిమిదేళ్లుగా నడుంనొప్పితో ఇందులో కూర్చున్నానురా వెధవా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కొడుకు నవ్వాడు. తర్వాత తండ్రి నవ్వాడు. నవ్వీ నవ్వీ ఇద్దరూ కళ్లు తుడుచుకుంటుంటే, ముత్యాల పిల్ల పదిసార్లు వల్లె వేసిన వాక్యం గొంతులోనే, పెట్టెలో చీటీలా, ఇరుక్కుపోయింది.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నారు అయ్యగారు ఇంకో చీటీ ఎత్తి, "ఈ పాలల్లో కలపడం ఏమిటమ్మా?"

ముత్యాల పిల్ల నోరు తెరిచింది. ఆమె కంటే ముందు చిన్నమ్మగారు ఆ చీటీ అందుకుని చదివింది. ఆమె పెదవి చివర చిన్న ముడత పడి వెంటనే మాయమైంది.

"పంచదార మావయ్యా. డాక్టరు వద్దన్నా మీరు ఊరుకోరని నేనే రెండు చెంచాలు కలుపుతున్నా. పిల్లలు కనిపెట్టేశారు."

"మరి గుర్రం?"

"బావగారి స్కూటరు. ముద్దుగా అంటున్నారు."

"గడ్డపాయన ఎవరు? మన దగ్గర గడ్డం ఉన్నవాళ్లున్నారా?"

నలుగురూ అద్దంలోంచి బయటికి చూశారు. గుమాస్తా నున్నటి చుబుకం మీంచి ఒక కాగితం ముక్క జారి పడింది.

"ఎవరూ లేరు మావయ్యా," అంది చిన్నమ్మగారు.

నాలుగింటికి అందరినీ పిలిచి అయ్యగారు రెండు మాటల్లో సంగతి చెప్పారు. చిన్నమ్మగారు కుర్చీలో కూర్చుని మొదటి సంతకం ముత్యాల పిల్ల కాగితం మీద పెట్టింది. బయట నిలబడిన పెద్దక్క ఊపిరి వదిలితే ఆరబెట్టిన గొడుగులు రెండు దొర్లాయంటారు. అది మాస్టారు చెప్పిన మాట గనక సగమే నమ్మాలి.

కాగితంతోపాటు పదకొండు చీటీలు కూడా ముత్యాల పిల్ల చేతిలో పెడుతూ చిన్నమ్మగారు గొంతు తగ్గించింది. "మళ్లీ పెట్టెలో వేసెయ్. ఈసారి చిన్నగా మడువు. అయినా పాలల్లో కలిపేది చిన్నకోడలు కాదు, వంటవాడు. కావాలంటే ఇవాళ చూడు."

ముత్యాల పిల్ల ఆమె మొహంలోకి చూసి, కార్ఖానాలో చేరాక మొదటిసారి గట్టిగా నవ్వింది. ఇంటికి వెళ్లేదాకా ఆ నవ్వు ఆగలేదు. కాగితం ఒక్క మడత కూడా పడకుండా అమ్మ చేతికి చేరింది.

సోమవారం పొద్దున్న పెద్దక్క పెట్టె తెరిచింది. కోట వంటవాడు అందరికీ పాలిచ్చి నిద్రపుచ్చి, తానే కుర్చీ ఎక్కి కూర్చున్నాడు గనక కిటికీ పక్క మిషను ఎవరికీ దక్కలేదు. పదకొండు జోస్యాల్లో ఒక్కటి కూడా ఫలించలేదు, టీవీలో.