యాభై కేబీలకు మించని పగులు

నాగరికత ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవడానికి తవ్వకాలు జరపనక్కర్లేదు. మా మునిసిపల్ ఆఫీసు వెబ్‌సైట్ తెరిస్తే చాలు. తెరుచుకుంటే.

ఆ సైట్ నిర్వహణ ఇరవై ఏళ్ళుగా నాది. మొదటి కమిషనర్ గారి కాలంలో ఎర్రక్షరాలు కుడి నుంచి ఎడమకి పరుగెత్తేవి. అడుగున ఎంతమంది చూశారో అంకెలు తిరిగేవి (అందులో సగం నేనే). రెండో ఆయన వస్తూనే, అక్షరాలు పరుగెత్తడం ఆఫీసుకి నామోషీ అన్నారు. ప్రతి బటనూ నూనె రాసినట్టు మెరవాలన్నారు. మూడో ఆవిడ ఆ మెరుపంతా తుడిపించేశారు. ఇప్పటి ఆయనకి మూలలంటే పడదు. అందుకని గుండ్రటి మూలల ఉపసంఘం వేశారు. ఏడుగురు సభ్యులు, ఒక కన్వీనరు, పదకొండు సమావేశాలు. బటన్ మూల ఎనిమిది పిక్సెళ్ళు వంగాలా, పన్నెండా అన్న దగ్గర ఇద్దరు సభ్యుల మధ్య మాటల్లేకుండా పోయాయి. మా ఆఫీసులో ఇంత పట్టుదలగా పని జరగడం నేను అంతకుముందు చూడలేదు.

బటన్ నొక్కితే ఏమవుతుందన్నది ఉపసంఘం పరిధిలోకి రాదు.

ఇదిలా ఉండగా మా అక్క ఫోన్ చేసింది. ఆవిడ మునిసిపల్ స్కూల్లో రెండో తరగతి టీచరు.

"ఒరేయ్, మా క్లాసు గోడ పగిలిందిరా. చెయ్యి దూరేంత సందు. దాన్ని ఆనుకునే ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు కూర్చుంటారు. ఎవరికి చెప్పాలి?"

"సైట్‌లో ఫిర్యాదు పెట్టక్కా."

పెట్టింది. సైట్ ఫొటో అడిగింది. ఫొటో యాభై కేబీలు మించరాదు (ఈ నిబంధన ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు, కాబట్టి తీసేసే అధికారం కూడా ఎవరికీ లేదు). అంతకి కుదించేసరికి గోడ కాస్తా బూడిదరంగు మచ్చయింది. పదిహేను రోజులకి జవాబొచ్చింది: "ఫొటో పరిశీలించడమైనది. పగులు కనబడుట లేదు."

అక్క ఈసారి బాగా దగ్గరికెళ్ళి తీసి పంపింది. మరో పదిహేను రోజులకి ఇంకో జవాబు: "పగులు కనబడుచున్నది. గోడ కనబడుట లేదు. ఇది దేని పగులో తెలియజేయవలెను."

తెలియజేసేలోగా కొత్త సైట్ ప్రారంభోత్సవం జరిగిపోయింది. కంప్యూటర్ తెరకి అడ్డంగా రిబ్బన్ కట్టి కమిషనర్ గారు కత్తిరించారు (తెర మీద పడ్డ గీత కూడా నిర్వహణ కిందకే వస్తుంది). పాత ఫిర్యాదులు పాత సైట్‌తోనే పోయాయి. "సరికొత్త అనుభూతి కోసం మళ్ళీ నమోదు చేసుకోండి" అని గుండ్రటి మూలల పెట్టెలో రాశాం. పక్కనే నవ్వే బొమ్మ ఒకటి, సాయం చేయడానికి. దానికి అక్క "గోడ పడిపోయేలా ఉంది" అని రాసింది. "చాలా సంతోషం! గోడల గురించి ఇంకా తెలుసుకోవాలనుకుంటున్నారా?" అందది.

అక్క తిన్నగా ఆఫీసుకే వచ్చేసింది.

"గోడ ఇంకా ఒరిగిందిరా. నీ సైట్ చూస్తే అందుబాటులో లేదంటోంది!"

"రంగు మారుస్తున్నామక్కా. నీలం పాతబడిపోయిందట."

"రేపు పిల్లల మీద పడితే ఆ సంగతి ఏ రంగులో రాస్తావురా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూటే ఇంజనీరు గారి గదికి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. "నోటితో చెప్తే నాకెలా తెలుస్తుందండీ? సైట్‌లో రావాలి కదా" అన్నారు.

సైట్ ఆకుపచ్చగా తిరిగొచ్చిన గంటలోనే అక్క ఫిర్యాదు మూడోసారి నమోదు చేసింది. కానీ జవాబు కోసం కూర్చోలేదు. మర్నాడు పిల్లల్ని, చాపల్ని, నల్లబల్లని అవతలి వైపు వరండాలోకి మార్చేసింది. నాలుగో రోజు రెండో ఎక్కం చెప్తుండగా లోపల గోడ మొత్తం కూలింది. ఒక్క పిల్లాడికీ దెబ్బ తగల్లేదు. ఫోన్లో అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వ్యవస్థ వెంటనే కదిలింది. సాయంత్రానికల్లా పరిశీలనాధికారి స్వయంగా వెళ్ళి, చుట్టూ తిరిగి, నివేదిక ఎక్కించేశారు: "క్షేత్ర పరిశీలనలో సదరు స్థలమందు గోడ లేదని తేలినది. ఫిర్యాదు పరిష్కరించడమైనది."

మర్నాడు అక్కకి మెమో వచ్చింది. "సదరు తరగతికి గోడ లేదని రికార్డుల ప్రకారం రుజువైనందున, లేని గోడ కూలునని సాకు చెప్పి విద్యార్థులను అనుమతి లేకుండా వరండాలోకి ఎందుకు మార్చితిరో రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. సైట్ ద్వారా మాత్రమే."

అక్క నా ఎదురుగానే కూర్చుని సైట్‌లో సంజాయిషీల పేజీ నొక్కింది. వేలు ఎత్తేలోగా తెరుచుకుంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఉద్యోగి నంబరు కొట్టగానే పేరు, హోదా, చేరిన తేదీ తనే నింపుకుంది. కూలిన గోడ ఫొటో ఎంత పెద్దదిచ్చినా కిక్కురుమనకుండా తీసుకుంది.

"ఇదొక్కటీ ఇంత చక్కగా ఎలా పనిచేస్తోందిరా?" అంది అక్క.

"దీన్ని మేమెప్పుడూ బాగుచేయలేదక్కా" అన్నాను.