ఒల్మెడో గారి కుడి భుజం

జూలై తొమ్మిదో తేదీ ఉదయం ఆరుగంటల పది నిమిషాలకు, విస్కాన్సిన్ రాష్ట్రం మార్ష్‌వేల్ పట్టణంలో, లైల్ బ్రాండ్‌వోల్డ్ గారికి కుడి భుజంలో కండరం చినిగింది. భుజం ఆయనది కాదు. వెయ్యి మైళ్ల అవతల బేస్‌బాల్‌లో బంతి విసిరే ట్రెంట్ ఒల్మెడో అనే పిచర్‌ది. ఇద్దరికీ ముఖపరిచయమైనా లేదు. అయినా ఫోన్‌లో ఆ వార్త చూసిన లైల్ గారి కాఫీ చల్లారింది, టోస్టు మాడింది, భార్య జానెల్ వంటింట్లోంచి వచ్చి "ఎవరు పోయారు?" అని అడిగింది.

లైల్ గారికి ఒక జట్టు ఉంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ జట్టుకు మైదానం లేదు, బంతి లేదు, బ్యాటు లేదు; పేరు మాత్రం 'మార్ష్‌వేల్ మహాబలులు'. ఏటా వసంతకాలంలో ఊళ్లోని పదిమంది పెద్దమనుషులు ఒక బార్‌లో సమావేశమై, దేశంలోని నిజమైన ఆటగాళ్లను కాగితం మీద పంచుకుంటారు. ఆ ఆటగాళ్లు ఎక్కడో నిజంగా బాగా ఆడితే ఇక్కడ వీరి ఫోన్లలో పాయింట్లు పడతాయి. తమను పంచేసుకున్నారన్న సంగతి ఆటగాళ్లకు తెలియదు కనుక వారు సుఖంగానే ఉన్నారు.

సీజన్ ఆఖరున అట్టడుగున మిగిలిన యజమాని అక్టోబరులో జరిగే చీజ్ ఉత్సవం ఊరేగింపులో ఆవు వేషం వేయాలన్నది నియమం. ఆవంతా కాదు, వెనక సగం. ముందు సగం కిందినుంచి రెండో స్థానం వాడిది. కిందటేడు వెనక సగం గౌరవం లైల్ గారికే దక్కింది. మెయిన్ స్ట్రీట్ పొడవునా ఆయన వంగి నడిచారు. ముందు సగంలో ఉన్న పళ్ల డాక్టరు గారి నడుము తప్ప ఆ ఊరేగింపులో మరేదీ చూడలేకపోయారు.

అందువల్ల ఈ ఏడు తన జట్టుకు ఆధారమైన ఒల్మెడో గారి భుజం ఆయనకు ప్రాణంతో సమానం. జట్టు జాబితాలో గాయపడ్డవాళ్లను అట్టేపెట్టుకోవడానికి రెండే చోట్లుంటాయి, వాటిని పడకలంటారు. మూడోవాడు గాయపడితే ఎవరో ఒకరిని వదిలెయ్యాలి. వదిలినవాణ్ణి మరొకడు ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోవడంలో అందరికన్నా చురుకైనవాడు లైల్ గారి బావమరిది కర్ట్.

ఏడు గంటలకల్లా కర్ట్ ఫోన్ చేశాడు.

"ఏం బావా, భుజం పట్టేసిందటగా? ఆవు తోక ఇప్పుడే ఉతికించి పెట్టమంటావా?"

"నోర్ముయ్‌రా! అక్కడ మనిషి నొప్పితో అల్లాడుతుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"సరే, ఏడవకు. నీకంత భారమైతే ఒల్మెడోని నాకిచ్చెయ్. మూడేళ్లుగా నడుము నొప్పి లేని మంచి క్యాచర్‌ని ఇస్తా."

లైల్ గారు ఫోన్ పెట్టేశారు. మనుషుల్లో దయాగుణం బొత్తిగా సన్నగిల్లిపోతోందని జానెల్‌తో అన్నారు. ఆ రోజునుంచి ఆయన వైద్యశాస్త్రంలోకి దిగారు. భుజంలో కీలు ఎక్కడుంది, దాన్ని పట్టుకున్న కండరాలు నాలుగా అయిదా, చినిగినది అతుక్కోవడానికి ఎన్ని వారాలు పడుతుంది, అన్నీ చదివారు. ఒల్మెడో గారి జట్టు ఆయనకు పూర్తి జీతంతో అరవై రోజుల విశ్రాంతి ప్రకటించింది. లైల్ గారు ఆయన్ను మొదటి పడక మీద భద్రంగా పడుకోబెట్టారు.

ఇంతటి మెత్తని మనసుగల మనిషి ఉద్యోగరీత్యా ఊరి చీజ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగానికి సూపర్‌వైజర్. అక్కడ మార్లిస్ వోజిక్ అనే ఆవిడ ఇరవై ఆరేళ్లుగా నలభై పౌండ్ల చీజ్ దిమ్మలను బెల్టు మీదినుంచి పైఅరలోకి ఎత్తుతోంది. లైల్ గారు కుర్రతనంలో అదే బెల్టు దగ్గర పనికి చేరినప్పుడు దిమ్మ ఎలా ఎత్తాలో నేర్పింది ఆవిడే. ఆవిడ కుడి భుజం కూడా చినిగింది. డాక్టరు రాసిచ్చిన చీటీలో ఆ కండరం పేరు, ఒల్మెడో గారి కండరం పేరు అక్షరాలా ఒక్కటే. తేడా అల్లా, ఒల్మెడో గారు విసిరే బంతి బరువు అయిదు ఔన్సులు.

"చూడు లైల్ బాబూ, ఆరు వారాలు ఎత్తుడు పని మానకపోతే ఈ చెయ్యి ఇక పైకి లేవదట. డాక్టరు చెప్పాడు," అంది మార్లిస్.

"డాక్టర్లు అలాగే అంటారు మార్లిస్ గారూ. ఐస్ పెట్టుకోండి. సోమవారానికి సర్దుకుంటుంది."

"ఏ సోమవారానికి? పోయిన నెలా ఇదే మాటన్నావు."

ఆవిడ సెలవు దరఖాస్తు మూడుసార్లు పెట్టింది. కారణం అన్న చోట మూడుసార్లూ 'భుజం నొప్పి' అని రాసింది. మూడుసార్లూ 'ఉత్పత్తి అవసరాల దృష్ట్యా పరిశీలించలేము' అన్న ముద్ర పడింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఊరంతా చేపల వేపుడుకి బార్‌లో చేరింది. మార్లిస్ పక్క బల్ల దగ్గర లైల్ గారు ఒల్మెడో గారి భుజం గురించి ముప్పావుగంట మాట్లాడారు. ఆవిడ ఎడమచేత్తో చేప ముక్క తింటూ అంతా విన్నది. సోమవారం నాలుగో దరఖాస్తు పెట్టింది. అందులో ఇలా ఉంది: 'కుడి భుజం, వెనక కండరం, రెండో స్థాయి చీలిక. వేగం తగ్గింది. విసురు కోణం దెబ్బతిన్నది. ఆరు వారాల అనంతరం మళ్లీ పరీక్ష.'

లైల్ గారు ఫోన్ చూసుకుంటూ కాగితం చదివారు. పైనున్న పేరు చదివే అలవాటు ఆయనకు లేదు. కళ్లు చెమర్చాయి. సంతకం చేసి కింద స్వహస్తాలతో రాశారు: 'తొందర వద్దు. సీజన్ చాలా ఉంది. పూర్తిగా అతుక్కున్నాకే బరిలోకి దిగాలి.'

మంచి వార్త ఫ్యాక్టరీలో చీజ్ వాసనకన్నా వేగంగా వ్యాపిస్తుంది. వారం తిరిగేసరికి లోడింగ్ విభాగం డ్వేన్‌కి 'నడుము కింది భాగం బిగుసుకుంది, రోజువారీ పరిశీలన' అయింది. కోత యంత్రం దగ్గరి ఇద్దరు అక్కచెల్లెళ్లకు 'మణికట్టు వాపు, తేలికపాటి సాధన మాత్రమే' అయింది. పదకొండు దరఖాస్తులు, పదకొండు సంతకాలు. డ్వేన్ కాగితం మీద లైల్ గారు 'అయ్యో!' అని కూడా రాశారు. బెల్టు ఖాళీగా తిరుగుతుంటే ఆయన అద్దాల గదిలో కూర్చుని, ఈ ఏడు దేశమంతటా గాయాలు ఎందుకింత ప్రబలాయా అని మథనపడ్డారు.

ఆగస్టులో ప్రధాన కార్యాలయం నుంచి ప్రెస్కాట్ హేల్ అనే అధికారి వచ్చాడు. పదకొండు కాగితాలు బల్ల మీద పరిచాడు.

"ఏమిటివి?"

లైల్ గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, కండరం అనేది తాడు కాదు, తెగితే ముడేసుకోవడానికి. గాయపడిన భుజాన్ని వారం ముందు బరిలోకి దించితే ఆ మనిషిని జీవితాంతం పోగొట్టుకుంటాం. ఓర్పు లేని యాజమాన్యం ఏ సీజనూ గెలవలేదు. చరిత్ర తిరగెయ్యండి!"

ఆయన జీవితంలో ఇంత గొప్పగా ఎన్నడూ మాట్లాడలేదు. తలుపు బయట నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు, కొట్టగలిగినవాళ్లు.

"చాలా బాగా చెప్పావు. కానీ ఇవి మార్లిస్ వోజిక్ లాంటి వాళ్ల పేర్లు కదయ్యా!" అన్నాడు హేల్.

లైల్ గారు మొదటిసారి పేర్లు చదివారు. చదివి కుర్చీలో కూలబడ్డారు. హేల్ మాత్రం కోపగించుకోలేదు. అతనికీ ఒక జట్టు ఉంది. ఆలోచించి అన్నాడు: "అసలు లోపం ఎక్కడుందో తెలుసా? పడకలకు పరిమితి లేదు. నీ లీగ్‌లో ఎన్ని?"

"రెండండీ."

మర్నాడు ప్రకటన వెలువడింది. 'ఉద్యోగుల ఆరోగ్యం పట్ల సంస్థకున్న అపారమైన శ్రద్ధకు నిదర్శనంగా, ఇకమీదట ప్యాకింగ్ విభాగంలో ఏకకాలంలో ఇద్దరు గాయపడవచ్చును. మూడవ వ్యక్తి తన వంతు వచ్చువరకు గాయపడరాదు.' ఊరి పత్రిక దీన్ని ప్రగతిశీల చర్యగా అభివర్ణించింది. అంతకుముందు ఒక్కరికీ అనుమతి లేదు కనుక కార్మికులు కూడా కేకు కోసుకున్నారు.

పదకొండుమందిలో ఇద్దరిని ఉంచి మిగతావాళ్లను వెనక్కి పిలవాల్సిన బాధ్యత లైల్ గారిమీద పడింది. దురదృష్టవశాత్తు అదే రోజు మహాబలుల్లో మూడో ఆటగాడికి మోకాలు బెణికింది. అక్కడా ఒకరిని వదులుకోవాలి. మధ్యాహ్న భోజన విరామమంతా ఆయన శాండ్‌విచ్ ముట్టలేదు. ఒల్మెడోని వదలడమా? వదిలితే కర్ట్ ఎగరేసుకుపోతాడు, ఆపైన ఆవు వెనక సగం ఖాయం. చివరికి ఒల్మెడోని ఉంచి, మోకాలివాణ్ణి వదిలి, కళ్లు తుడుచుకున్నారు. విరామంలో మిగిలిన నిమిషంలో ఫ్యాక్టరీ జాబితా ముగించారు. అక్కచెల్లెళ్లు పాతికేళ్లలోపువాళ్లు, వాళ్లముందు చాలా సీజన్లున్నాయి. మార్లిస్‌కి రిటైర్మెంట్ దగ్గరపడింది. కాబట్టి ఆవిడను బరిలోకి దించారు.

"మూడు వారాలే అయింది లైల్ బాబూ," అంది మార్లిస్ ఫోన్‌లో.

"నాకు మాత్రం బాధ లేదనుకుంటున్నారా? ఈ రోజు ఇలా వదులుకోవడం నాకు రెండోసారి," అన్నారు లైల్ గారు.

మార్లిస్ దిమ్మలెత్తింది. ఆగస్టు ఇరవై ఎనిమిదిన, నాలుగు వందోదో అయిదు వందోదో అయిన దిమ్మ దగ్గర, భుజంలో ఏదో తెగిన చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపించింది. పడకలు రెండూ నిండి ఉన్నందున అది గాయంగా నమోదు కాలేదు. ఆవిడను లేబుళ్లు అతికించే బల్ల దగ్గరకు మార్చారు. ఆ పని ఎడమచేత్తో చెయ్యొచ్చు.

సెప్టెంబరు మూడో శుక్రవారం ఒల్మెడో గారు తిరిగి వచ్చారు. బార్ కిక్కిరిసిపోయింది. టీవీలో ఆయన మెట్లెక్కి మైదానంలోకి అడుగుపెట్టగానే అక్కడ నలభై వేలమంది లేచి నిలబడ్డారు. ఇక్కడా అందరూ లేచారు. కర్ట్ కూడా లేచాడు. ఎవరో "మనవాడి భుజానికి!" అని అరిచారు. కుడిచేతులన్నీ బీరు గ్లాసులతో గాల్లోకి లేచాయి. మూల బల్ల దగ్గర ఒక్కటి లేవలేదు.

జనం అటు తిరిగి చూశారు. "అరవై రోజులు నరకం చూసి వచ్చాడు పాపం. ఒక్క గ్లాసు ఎత్తడానికి ఈవిడకేం నొప్పి?" అన్నాడు కర్ట్.

లైల్ గారు దగ్గరకు వెళ్లి, అందరిముందూ ఆవిడ పరువు పోకుండా మెల్లగా అడిగారు. "ఏమైంది మార్లిస్ గారూ?"

"చెయ్యి లేవట్లేదు లైల్ బాబూ."

"ఉష్!" అన్నారు లైల్ గారు, టీవీ వైపు తిరుగుతూ. "విసురుతున్నాడు."

ఇంతకీ ఒల్మెడో గారు ఆ రోజు ఎంతమందిని అవుట్ చేశారో తెలుసుకోవాలని పాఠకులకు ఇప్పటికే ఆత్రంగా ఉండి ఉంటుంది. తొమ్మిదిమందిని.